మెరుగు పెట్టే రోజులు

నాన్న రాతబల్ల అన్నయ్య ఇంటి నుంచి మా ఇంటికి చేరిన రోజున దాని కింది సొరుగు ఒక పట్టాన తెరుచుకోలేదు. చెమ్మకు ఉబ్బిన చెక్కను రెండు వైపులా కొద్దికొద్దిగా కదుపుతూ బయటికి లాగేసరికి, వెనుక మూలన మూత బిగించిన గుండ్రటి రేకు డబ్బా ఒకటి కనిపించింది. మూత తీయగానే వచ్చిన వాసనను నా కంటే ముందు నా ముక్కు పోల్చుకుంది. అది లక్క వాసన. లోపల నాన్న మెరుగు పెట్టడానికి వాడిన గుడ్డ ఉండ ఉంది. లక్కను కరిగించే స్పిరిట్ (ఆల్కహాల్) ఎప్పుడో ఎగిరిపోయి గుడ్డ గట్టిపడింది గాని, ఆయన బొటనవేలు నొక్కిన చోట పడిన గుంట చెక్కుచెదరలేదు. నాన్న పోయాక ఆయన బట్టలూ కాగితాలూ కళ్లద్దాలూ సర్దినప్పుడు నిబ్బరంగానే ఉన్న నేను, ఆ గుంటలో నా వేలు పెట్టి చూసి, కాసేపు మరే పనీ చేయలేకపోయాను.

నాన్న వడ్రంగి కాదు. ఖాతా పుస్తకాల మధ్య పగలంతా గడిపే ఉద్యోగం ఆయనది. మా చిన్నతనంలో ఇంట్లోని కుర్చీలకూ బల్లలకూ మెరుగు పెట్టడానికి పాలిష్ మేస్త్రిగారు ఒకరు వచ్చేవారు. ఆయన వచ్చినన్ని రోజులూ నాన్న సెలవు పెట్టుకుని మరీ పక్కనే పీట వేసుకుని కూర్చునేవారు. అడిగింది తక్కువ, చూసింది ఎక్కువ. వయసు మీద పడి పని మానుకున్నాక మేస్త్రిగారు తన గాజు సీసాలను నాన్నకే ఇచ్చి వెళ్లారు. అప్పటి నుంచి మా ఇంటి చెక్క సామానుకు మెరుగు పెట్టే పని నాన్నది, అందించే పని అన్నయ్యదీ నాదీ.

* * *

ఆ పనికి నాన్న రోజును ఎంచుకునే తీరే వేరు. ఉదయం లేవగానే ఆకాశం వంక చూసి, గాలిలో తేమ లేదని నమ్మకం కుదిరితేనే సామాను వసారాలోకి తెమ్మనేవారు. తేమ గాలిలో లక్క పూస్తే స్పిరిట్ వేగంగా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ పూత మీద చేరి తెల్లటి మసక కమ్ముతుంది. ఈ కారణం నేను చాలా కాలం తరువాత చదివి తెలుసుకున్నాను. అప్పట్లో మాకు తెలిసినదల్లా, మబ్బు పడితే ఆ రోజు పని లేదని, అందువల్ల ఆటకు తీరిక దొరుకుతుందని మాత్రమే.

వసారాలోకి చేరిన సామానును నాన్న వెంటనే ముట్టుకునేవారు కాదు. తలకిందులు చేసి, పక్కకు వాల్చి, వెనక్కి తిప్పి చూసేవారు. కుర్చీ అడుగున మేము ఎప్పుడో సుద్దతో రాసిన రాతలు, వడ్రంగి గుర్తుకు గీసుకున్న పెన్సిలు గీతలు, ఉలి జారిన గాట్లు, సాలీడు విడిచి వెళ్లిన గూళ్లు అన్నీ అప్పుడే బయటపడేవి. బల్ల అంచును వేలితో తడిమి, పైన కనిపించే చారలు అంచు మీదుగా కిందికి కొనసాగుతున్నాయా, లేక అంచు దగ్గర తెగిపోతున్నాయా అని చూడమనేవారు. తెగిపోతే పైన ఉన్నది అతికించిన పలుచటి పొర అని అర్థం. ఈ కాలపు సామానులో ఆ పొర మందం తరచుగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. గరుకు కాగితంతో నాలుగుసార్లు గట్టిగా రుద్దితే అడుగు చెక్క తేలుతుంది, ఆ తరువాత చేయగలిగింది ఏమీ ఉండదు.

ఆ చూపు అయ్యాక సీసా తెరిచేవారు. బల్ల అడుగున, ఎవరికీ కనిపించని చోట, ఒక్క చుక్క స్పిరిట్ వేసి వేలితో రుద్దేవారు. పూత మెత్తబడి వేలికి జిగటగా అంటుకుంటే అది లక్క. స్పిరిట్‌కు లొంగకుండా లాకర్ థిన్నరు అనే ఘాటైన ద్రావకానికి లొంగితే, 1920లలో వాడుకలోకి వచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకరు. రెంటికీ చలించకపోతే పాలీయురెథేన్ వంటి గట్టి పూత. ఆ పాలీయురెథేన్ రసాయనం 1937లో జర్మనీలో ఒట్టో బేయర్, ఆయన సహచరుల చేతుల్లో పుట్టింది. నాన్నకు ఈ పేర్లూ సంవత్సరాలూ తెలుసో లేదో చెప్పలేను. "ముందు దాని సంగతేమిటో దాన్నే అడుగమ్మాయ్, తరువాత చెయ్యి వెయ్యి" అనడం మాత్రం తెలుసు.

తరువాతి పని కడగడం. గోరువెచ్చటి నీటిలో కాస్త సబ్బు కలిపి, గుడ్డను ముంచి, నీరు కారకుండా గట్టిగా పిండి తుడిచేవారు. అది ఆరాక టర్పెంటైన్‌తో మరోసారి తుడిస్తే ఏళ్ల తరబడి పేరుకున్న మైనమూ జిడ్డూ వదిలేవి. గుడ్డ నల్లబడే కొద్దీ బల్ల రంగు తేలేది. నల్లబడిపోయింది, ఇక చెక్కు తీయవలసిందే అనుకున్న సామానులో సగం ఇక్కడే బాగుపడేది. అంతవరకు ఎదురుచూసిన మాకు ఇది పెద్ద ఆశాభంగం. గీకడమూ రుద్దడమూ లేకుండానే "ఇది చాలు" అని నాన్న చేతులు కడుక్కునేవారు. "మురికి వేరు, వయసు వేరు" అన్న మాట ఆ గుడ్డ పిండుతూ ఆయన అన్నదే.

* * *

చెక్కు తీయక తప్పని రోజున వినిపించే చప్పుళ్లు నాకు ఇప్పటికీ వరుస తప్పకుండా గుర్తున్నాయి. మొదటిది గాజు పెంకు చప్పుడు. పగిలిన కిటికీ అద్దం ముక్కను, అంచు కొద్దిగా వంపు తిరిగినదాన్ని ఎంచుకుని, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, రెండు చేతులతో పట్టి వంచి లాగుతూ పాత పూతను గీకేవారు. పలుచటి పొట్టు చుట్టలుగా లేచేది. అంచు మొద్దుబారితే ఆ ముక్క పక్కకు, మరో ముక్క చేతిలోకి. ఇప్పుడు అదే పనికి ఉక్కు రేకు దొరుకుతుంది. దాని అంచును సానబట్టుకుంటే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. పిల్లలున్న ఇంట్లో గాజు ముక్కల కంటే అదే మేలని నేను నిస్సందేహంగా చెబుతాను. అయినా గాజు పెంకు లేపే ఆ సన్నటి కీచుమనే చప్పుడు ఉక్కు రేకుకు రాదు.

ఆ తరువాత గరుకు కాగితం. అంకె పెరిగే కొద్దీ రేణువు సన్నబడుతుంది. 80తో మొదలైన గరగర 120 దగ్గర బరబరగా, 180 దాటి 220కి వచ్చేసరికి సరసరగా మారేది. లోపలి గదిలో పుస్తకం ముందు కూర్చుని కూడా నాన్న ఏ కాగితం దగ్గర ఉన్నారో నేను చెప్పగలిగేదాన్ని. కాగితాన్ని ఎప్పుడూ ఒక చిన్న చెక్కముక్కకు చుట్టి, చారల వెంటనే నడిపించేవారు. చారలకు అడ్డంగా పోయిన ఒక్క గీత అయినా అప్పటికి కనిపించకుండా ఉండి, పూత పడిన తరువాత ఎత్తి చూపుతుంది. నడిమి అంకెను దాటవేసినా అంతే, ముతక కాగితం గీతలు అడుగున మిగిలిపోతాయి. చివరి కాగితానికి ముందు తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిచ్చేవారు. తడికి చెక్క పోగులు లేచి నిలబడతాయి, వాటిని అప్పుడే సన్న కాగితంతో కోసేస్తే తరువాత పూత మీద గరుకు తేలదు.

ఈ పని అంతా నాన్న ముక్కుకు తడి రుమాలు కట్టుకుని చేసేవారు, మమ్మల్ని పొడి ఎగిరివచ్చే వైపున కూర్చోనిచ్చేవారు కాదు. చెక్క పొడిని మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించిన నివేదికలో చేర్చింది. నేను ఇప్పుడు రుమాలుతో సరిపెట్టను, పొడిని ఆపే మాస్కు పెట్టుకుంటాను.

* * *

మరకల విషయంలో నాన్నకు ఒక లెక్క ఉండేది. తెల్ల వలయం కనిపిస్తే ఆయన ముఖం విప్పారేది. వేడి గిన్నెనో తడి గ్లాసునో పెట్టినప్పుడు తేమ పూతలోకి మాత్రమే దిగి, చెక్కను తాకకుండా ఆగిపోతే వచ్చేది ఆ తెలుపు. స్పిరిట్‌తో తడీ పొడీగా ఉన్న గుడ్డను దాని మీదుగా తేలికగా, ఆపకుండా నడిపితే లక్క ఒక్క క్షణం మెత్తబడి లోపలి తేమను వదిలేస్తుంది. కళ్లెదుటే వలయం మాయమైపోతుంటే అన్నయ్యా నేనూ నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం.

నల్ల వలయం సంగతి అలా కాదు. నీరు పూతను దాటి చెక్కలోకి దిగిందని దాని అర్థం. ఇనుప పాత్ర అడుగు నుంచో మేకు నుంచో వచ్చిన ఇనుము చెక్కలోని టానిన్‌లనే వగరు పదార్థాలతో కలిసి నలుపు పుడుతుంది. పాతకాలపు నల్ల సిరా తయారైందీ ఈ కలయికతోనే. దానికి మందు ఆక్సాలిక్ ఆమ్లం. పలుకులను వేడినీటిలో కరిగించి, మరక మీద మాత్రమే కాకుండా పలక మొత్తానికీ సమానంగా పూసి, నలుపు విరిగాక మంచినీటితో మళ్లీ మళ్లీ కడిగేవారు. మరక ఒక్కదానికే పూస్తే నల్ల వలయం పోయి దాని చోట వెలిసిన వలయం మిగులుతుంది. ఆ ఆమ్లం విషం, కడగకుండా వదిలేస్తే ఎండిన పలుకుల పొడి ముక్కులోకీ గొంతులోకీ పోయి బాధిస్తుంది. ఆ రోజు మాకు వసారాలోకి ప్రవేశం ఉండేది కాదు.

లొత్తలు తీసే పని మాత్రం మాకు పండగ. బరువైన వస్తువేదో పడి చెక్క నొక్కుకుపోయిన చోట తడిగుడ్డ పరచి, దాని మీద వేడి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే, ఆవిరికి నలిగిన పోగులు ఉబ్బి మళ్లీ పైకి వస్తాయి. పోగులు నలిగితే లేస్తాయి, తెగితే లేవవు. అందుకే గాటు వేరు, లొత్త వేరు అని నాన్న వేలి కొనతో తడిమి చూపించేవారు. ఇస్త్రీ పెట్టె అమ్మది. అడుగున లక్క అంటుకుని అమ్మ తెల్ల చీర మీద గోధుమరంగు చార పడిన నాటి నుంచి, నాన్న పనికి వేరే పాత పెట్టె ఒకటి వెదికి తెచ్చేదాకా అమ్మ ఊరుకోలేదు.

* * *

లక్క నానబెట్టడం ముందురోజు రాత్రి పని. నారింజ రంగు పలుకులను మెత్తగా నలిపి, లీటరు స్పిరిట్‌కు పావు కిలో చొప్పున, మేస్త్రిగారి గాజు సీసాలోనే వేసేవారు. ఇనుప డబ్బాలో ఉంచితే లక్క రంగు మాడుతుంది. ఆ దారిన వెళ్లినవారు ఎవరైనా సరే సీసాను ఒకసారి అటూ ఇటూ ఊపి వెళ్లాలన్నది ఇంట్లో చట్టం. తెల్లవారేసరికి పలుకులన్నీ కరిగి తేనె రంగు ద్రవం తయారయ్యేది. ఎప్పటిదో మిగిలిన ద్రవం ఉంటే, దాన్ని నమ్మకుండా గాజు పలక మీద ఒక చుక్క వేసి చూసేవారు. మరునాటికి గోటికి గట్టిగా తగలకపోతే పారబోయవలసిందే. నిలవ ఉన్న కొద్దీ లక్కకూ స్పిరిట్‌కూ మధ్య జరిగే మార్పు వల్ల అది ఎంతకీ గట్టిపడని స్థితికి వస్తుంది.

ఆ నారింజ పలుకులు ఒక పురుగు స్రవించినవని తెలిసిన రోజున నేను బల్ల మీద చెయ్యి పెట్టడానికి జంకాను. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలకు అతుక్కుని రసం పీల్చే ఆ చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే గూడే లక్క. ఇంట్లో ఒక మూలన పడి ఉన్న పాత గ్రామఫోను పలకను తెచ్చి, ఇందులోనూ అదే లక్క ఉందని నాన్న చూపించాక గాని నా జంకు తీరలేదు. 1948లో వినైల్‌తో చేసిన లాంగ్ ప్లే రికార్డులు వచ్చి, ఆ తరువాత మెల్లగా పాతవాటి చోటు ఆక్రమించేదాకా పాటలు ఎక్కువగా లక్క పలకల మీదే తిరిగాయి.

పూత పూసేటప్పుడు నాన్న మాట్లాడేవారు కాదు. దూది ముద్దను ఉతికి మెత్తబడిన నూలు గుడ్డలో పెట్టి, అడుగున ఒక్క ముడత కూడా లేకుండా బిగించి, గుడ్డ విప్పి దూదికే లక్క తాగించేవారు. గుడ్డ పైన జారడానికి వేలితో ఒక్క చుక్క నూనె. ముందు సున్నాలు చుడుతూ, ఆ తరువాత రెండు సున్నాలు కలిపినట్టు తిప్పుతూ, చివరికి చారల వెంట నిలువుగా చేతిని నడిపించేవారు. ఒక్కసారి మాత్రం నా చెయ్యి పట్టి తిప్పిస్తూ, "ఊయలలో వచ్చినట్టు రావాలి, ఊగుతూనే వెళ్లిపోవాలి, మధ్యలో నిలబడకూడదు" అన్నారు. నిలబడితే ఉండలోని స్పిరిట్ కింది పూతను కరిగించి గుడ్డ నేతను దాని మీద అచ్చు వేస్తుంది. పొర మీద పొర వేస్తూ, మధ్యలో ఆరనిస్తూ, ఆఖరున దాదాపు స్పిరిట్ మాత్రమే తాగిన కొత్త ఉండతో తుడిచి, పైన తేలిన నూనెను లాగేసేవారు. ఆ చివరి తుడుపుకు మసక తొలగి బల్ల మీద కిటికీ నీడ స్పష్టంగా కనిపించేది.

లక్క నిమిషాల్లో ఆరినట్టే ఉంటుంది గాని లోపలిదాకా గట్టిపడడానికి వారాలు పడుతుంది. అది గమనించకుండా అన్నయ్య ఒకసారి కొత్తగా మెరుగు పెట్టిన టీపాయి మీద దినపత్రిక పరచి, దాని మీద బరువైన నిఘంటువు పెట్టాడు. సాయంత్రం పత్రిక తీసేసరికి అక్షరాలు తిరగబడి పూత మీద దిగి ఉన్నాయి. మేమిద్దరం అద్దం తెచ్చి పక్కన నిలబెట్టి ఆ వార్త చదువుతుంటే నాన్న వచ్చారు. కోప్పడతారనుకున్నాం. ఆయన కూడా వంగి, అద్దంలో ఆ వార్త చివరిదాకా చదివి, "రేపు తుడుద్దాంలే" అన్నారు.

* * *

రంగు పూసిన సామాను దగ్గర నాన్నకు ఉత్సాహం ఉండేది కాదు. మేనత్త ఇచ్చిన ఆకుపచ్చ రంగు కుర్చీని ఎంత అడిగినా గీకలేదు. రంగు కింద ఏ చెక్క ఉందో, ఎన్ని రకాల ముక్కలు కలిపి చేశారో తెలియదన్నది ఆయన కారణం. నాకు ఇప్పుడు అంతకంటే పెద్ద కారణం తెలుసు. పాత నూనె రంగుల్లో సీసం ఉండేది. ఇళ్లకు వాడే రంగుల్లో దాన్ని అమెరికా 1978లో నిషేధించింది, చాలా దేశాలు ఇంకా ఆలస్యంగా. రక్తంలో ఇంత సీసం ఉంటే ప్రమాదం లేదని చెప్పగల పరిమాణం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అందువల్ల ఎప్పటిదో తెలియని రంగును పరీక్షించకుండా పొడిగా రుద్దే పనికి నేను పూనుకోను.

చెక్కకు అవిసె నూనె పట్టించడానికి వాడిన గుడ్డల గురించి మాత్రం నాన్నది చాదస్తమే అనుకునేవాళ్లం. వాటిని ఒక్కొక్కటిగా విప్పి, ఒకదానికొకటి తగలకుండా ఆరుబయట తీగ మీద ఆరవేసి, కట్టెపేడులా బిగిసేదాకా చెత్తలో వేయనిచ్చేవారు కాదు. ఉండగా పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయని ఆయన చెబితే అన్నయ్యా నేనూ చాటుగా నవ్వుకునేవాళ్లం. అందులో నవ్వవలసిందేమీ లేదు. అవిసె నూనె ఆరడమంటే ఆవిరైపోవడం కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడడం. ఆ కలయికలో వేడి పుడుతుంది. గుడ్డ పరచి ఉంటే వేడి గాలిలో కలిసిపోతుంది, ఉండ చుట్టి ఉంటే లోపలే పెరిగి పెరిగి నిప్పవుతుంది. ఇళ్లూ వడ్రంగి పనిశాలలూ ఈ కారణంగా తగలబడిన సందర్భాలు ఉన్నాయి.

పేము కుర్చీకి ఆయన చేసిన వైద్యం తేలికైనది. కూర్చుని కూర్చుని దిగబడిన అల్లికను అడుగు వైపు నుంచి వేడినీటి గుడ్డతో బాగా తడిపి, నీడలో ఆరనిచ్చేవారు. ఆరుతూ పేము బిగుసుకునేది. తెగిన పోగు ఒక్కటీ లేకపోతేనే ఇది పనిచేస్తుంది.

* * *

రాతబల్ల అడుగున నేనూ స్పిరిట్ చుక్క వేసి చూశాను. వేలికి జిగటగా అంటుకుంది. లక్కకు ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే, కొత్త పూత పాత పూతను కరిగించి దానిలో కలిసిపోతుంది. పాలీయురెథేన్‌కు ఇది చేతకాదు, అక్కడ పొర మీద పొర విడిగానే ఉంటుంది. కనుక నాన్న వేసిన పొరలను గీకవలసిన అవసరం లేదని అప్పుడే తేలిపోయింది. కడిగాను, టర్పెంటైన్‌తో తుడిచాను, ఎప్పుడో దిగిన తెల్ల వలయాలను స్పిరిట్ గుడ్డతో తీశాను. కుడి మూలన ఆయన కలం ఆనించిన చోట చెక్కలోకి ఇంకిన సిరా మరకను ఆక్సాలిక్ ఆమ్లంతో తీయాలా వద్దా అని కొంత ఆలోచించి, దాని జోలికి పోలేదు. ఆ పైన లక్క రెండు పలుచటి పొరలుగా పట్టించాను.

నాన్న కుర్చీ దగ్గర మాత్రం ఆయన దారి విడిచాను. మనుషుల చేతులు ఆనీ ఆనీ కుర్చీ చేతులు రెండింటి మీదా పూత పోయి చెక్క తేలింది. చెమటకూ నిత్యపు రాపిడికీ లక్క నిలవదు, ఆ కుర్చీలో ఇప్పుడు కూర్చునేవారు లేచేటప్పుడు బరువంతా వాటి మీదే వేస్తారు. అందుకని ఆ భాగానికి మైనం తీసిన లక్కను అడుగు పూతగా వేసి, దాని మీద పలుచన చేసిన పాలీయురెథేన్‌ను గుడ్డతో పట్టించాను. మైనం ఉన్న లక్క మీద అది సరిగా పట్టదు. నాన్న ఉంటే ఒప్పుకునేవారు కాదని అన్నయ్య ఫోనులో అన్నాడు. ఒప్పుకునేవారో లేదో గాని, కుర్చీని తలకిందులు చేసి ముందు అడుగు భాగం చూసేవారన్నది మాత్రం నిజం.

పని ముగిశాక బల్ల ఫొటో ఒకటి అన్నయ్యకు పంపాను. కాసేపటికి, "బాగానే ఉంది, ఇంతకీ మెరుగు పని ఎప్పుడు మొదలుపెడుతున్నావు?" అని జవాబు వచ్చింది. బల్ల అయిపోయిందనీ, కుర్చీ చేతులకు రెండో పూత ఆరడమే మిగిలిందనీ రాశాను.